రెండు మూరల ఎత్తు

వాగు దాటేటప్పుడల్లా రాజుగారి బండి తడుస్తోంది. ఇరుసు మీద జానెడు దిమ్మలు పెట్టి బండిని లేపితే చాలన్నాడు వడ్రంగి కాటోజు. దళవాయి గురవప్ప ఒప్పుకోలేదు.

"జానెడేమిట్రా? రాజుగారు ఊరంతటికీ కనబడాలి. రెండు మూరలు లేపు!"

"గట్టు ఏటవాలు బాబూ. అంత ఎత్తయితే బండి ఒరిగిపోతుంది."

"ఒరిగితే నీ చెయ్యి నరికిస్తా. లేపకపోయినా నరికిస్తా!"

ఆ చేతి మీద ఆరుగురు బతుకుతున్నారు. పనివాడి మాట అక్కర్లేదు, నేరం మోయడానికి మాత్రం పనివాడు కావాలి! కాటోజు పళ్లు బిగించి రెండు మూరల దిమ్మలు బిగించాడు.

మర్నాడు వాగు గట్టున రాజుగారు బండెక్కబోతుంటే కాటోజు దండం పెట్టి అడ్డు నిలిచాడు.

"ప్రభూ, మా వాళ్లకో ఆచారం ఉంది. కొలత చెప్పినవారే బండిని మొదట వాగు దాటించాలి. ఈ కొలత దళవాయిగారిది."

"ఎక్కవయ్యా గురవప్పా," అన్నారు రాజుగారు.

దళవాయి చక్రం మీద కాలు పెట్టాడు. గట్టు వాలు చూశాడు. కాలు దించేశాడు.

"జానెడు చాలేమో ప్రభూ..."

"నువ్వెక్కలేని బండి నాకు కట్టించావా?" రాజుగారి మొహం ఎర్రబడింది. కాటోజు వైపు తిరిగారు. "నీ కొలతే పెట్టు. ఇంతకీ ఆ ఆచారం ఎప్పటిది?"

"నిన్న దళవాయిగారు నా చేతికి ఎసరు పెట్టినప్పటిది ప్రభూ."