ఎడమ రెక్క మీద గీతలు

శేషఫణికి ఒకటే బాధ. ఆరేళ్ళుగా దానియేలు మాస్టారి దగ్గర విమానాల బొమ్మలు చెయ్యడం నేర్చుకుంటున్నాడు, ఆయన నోటివెంట 'బాగుంది' అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు.

'బాగా లేదు' అని కూడా ఆయన అనేవారు కాదు. అంటే కొంత నయంగా ఉండేది. బొమ్మని అరచేతిలో పెట్టుకుని, భూతద్దంలోంచి అటూ ఇటూ చూసి, ఏదో ఒక మరక మీద గోరు ఆనించి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగేవారు. మొదట్లో శేషఫణి "నేనే మాస్టారూ" అని జవాబు చెప్పి అభాసుపాలయ్యాడు. ఆయన అడిగింది ఆ మరక ఏ మనిషివల్ల పడిందని. నూనె పోసినవాడి చెయ్యి ఒలికిందా, తుపాకి గుళ్ళపెట్టె మోసుకొచ్చినవాడు దాన్ని రెక్కకి ఆనించాడా, పైలట్ తొందరలో కాలు జారాడా. మరక ఉందంటే దాని వెనకాల ఓ మనిషి ఉండాలి. మనిషి లేకపోతే బొమ్మ వెనక్కి ఇచ్చేసేవారు. పాఠమంతా అంతే.

ఒకసారి శేషఫణి ఉత్సాహం కొద్దీ ఒక విమానం రెక్కలకి తుప్పు పట్టించాడు. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి, పెళ్ళినాటి సత్తుగిన్నె ఒకటి తెచ్చి అతని ముందు పెట్టారు. "దీనికి తుప్పెక్కడుందో చూపించు, ఆ రంగే వేద్దాం" అన్నారు. సొట్టలు పడి మసిబారిందే గాని ఆ గిన్నెకి తుప్పు లేదు. విమానం రెక్కలూ ఆ సత్తు రేకుతో చేసినవే. శేషఫణి బొమ్మ పట్టుకుని ఇంటికి పోయాడు.

అలాగని అతను పనిరానివాడేం కాదు. విశాఖపట్నంలో ఓ పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పెట్టిన కొత్త పన్ను పక్కనున్న పాత పళ్ళలో కలిసిపోవాలంటే దానికి ముప్పై ఏళ్ళ టీ, వక్క, చుట్టపొగ పట్టించాలి. ఆ విద్యలో అతనికి తిరుగులేదు. విమానాలకీ అదే పనికొచ్చింది. ఊళ్ళో ఈ బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. ప్లాస్టిక్ ముక్కని నిన్ననే యుద్ధంలోంచి వచ్చినట్టు చెయ్యాలంటే ఫణి తర్వాతే ఎవరైనా అని ఆ పదిమందీ ఒప్పుకున్నారు. ఆ మాట కొంచెం తలకెక్కింది. ఎక్కదా మరి.

మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వైమానిక దళంలో మెకానిక్కు. ఇరవైరెండేళ్ళ వయసులో బర్మా సరిహద్దున, అడవి కొట్టి చదును చేసిన మైదానంలో, విమానాల రెక్కలూ తోకా చూసుకునే పని. ఆ తర్వాత చాలాకాలం ఎన్.సి.సి. పిల్లలకి చెక్కతో విమానాలు చెయ్యడం నేర్పారు. భార్య పోయింది, పిల్లలు లేరు. వాల్తేరులో రెండు గదుల ఇల్లు, అందులో ఒక అద్దాల బీరువా. బీరువాలో ముప్పై తొమ్మిది విమానాలు, పై అరలో ఒక ఖాళీ పీట. ఆ పీట మీదికి ఏది వస్తుందని ఎవరైనా అడిగితే "చూద్దాం" అనేవారు.

ఆ వేసవిలో మాస్టారి కళ్ళకి నీటికాసులని తేలింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కన్ను గొట్టంలోంచి చూసినట్టు చూస్తోందనీ, దసరా దాటాక అది కూడా చెప్పలేమనీ కంటి డాక్టరు అన్నాడు. మాస్టారి వెంట వెళ్ళింది శేషఫణి ఒక్కడే. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఆయన దారి పొడుగునా షాపుల బోర్డులు పైకి చదువుతూ వచ్చారు, చిన్నపిల్లలు చదివినట్టు. శేషఫణికి దుఃఖం ఆగలేదు. ఆ చూపు పోయేలోగా ఖాళీ పీట మీద ఒక విమానం కూర్చోవాలి, అది తను చేసిందే కావాలి, దాన్ని చూసి మాస్టారు ఆ ఒక్క మాటా అనాలి అని ఆ రిక్షాలోనే అనుకున్నాడు.

ఏ విమానమో అతనికి తెలుసు. మాస్టారింట్లో గోడకి ఒక్కటే ఫోటో. వెంజెన్స్ అనే రెండు సీట్ల విమానం, ఆకాశంలోంచి నిట్టనిలువుగా దూకి బాంబు వేసే రకం. తోక పక్కన నవ్వుతూ నిలబడి ఉన్నాడు కుర్ర దానియేలు. తోక మీద నంబరు స్పష్టంగా ఉంది. మిగతా విమానం ఫోటో అంచు అవతలే ఉండిపోయింది. ఆ విమానం గురించి మాస్టారు ఎన్నడూ చెప్పలేదు, శేషఫణి ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు అడిగితే ఆశ్చర్యం పాడైపోతుందని ఊరుకున్నాడు. అక్కడే పొరపాటు చేశాడు.

ఓడలో ఇంజనీరుగా ఉన్న స్నేహితుడొకడు సింగపూర్ నుంచి ఆ విమానం విడిభాగాల డబ్బా తెచ్చిపెట్టాడు. జానెడు విమానం. శేషఫణి అతుకులు కనపడకుండా సానపట్టాడు. ముందు లోహం, తర్వాతే రంగు అని మాస్టారి నియమం. అందుకని ఎవరి కంటా పడకపోయినా ఒళ్ళంతా వెండి రంగు పూసి, అది ఆరాక దానిమీద ఆకుపచ్చ, మట్టి రంగు వేసి, తోక మీద ఫోటోలో ఉన్న నంబరే రాశాడు. అక్కడికి పదిరోజులు పట్టింది. మిగతా యాభై రోజులూ దాన్ని పాతబరచడానికే సరిపోయాయి.

అక్కడ చూపించాడు తన తడాఖా. నల్లరంగు పల్చగా కలిపి రేకుల సందుల్లోకి పారించాడు. బొగ్గుపొడి అద్ది, ఇంజను పొగ వెనక్కి సాగినట్టు చేశాడు. పొట్ట కింద నూనె చారికలు తీశాడు. సింహాచలం కొండదారిలో ఎర్రమట్టి తెచ్చి, పల్చటి గుడ్డలో జల్లించి, చక్రాలకీ రెక్కల అడుగునా పట్టించాడు. వెండి పెన్సిలుతో వంద చోట్ల రంగు పెచ్చులూడినట్టు చుక్కలు పెట్టాడు. మాస్టారు అడిగితే తడుముకోకూడదని ప్రతి మరకకీ ఒక మనిషిని సిద్ధం చేసుకున్నాడు. చివర్న వార్నిష్ కొడితే మరకలు ఇక పోవు. ఆ ఒక్కటీ మాస్టారు చూశాక చేద్దామని ఆగాడు.

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం, మాస్టారు చర్చి నుంచి వచ్చేసరికి శేషఫణి ఆయన వరండాలో ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. మాస్టారు కుర్చీ వెలుతురులోకి జరుపుకున్నారు. శేషఫణి పెట్టె విప్పి విమానాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన ముందు తోక చూశారు. నంబరు దగ్గర భూతద్దం ఆగిపోయింది. పెదవులు ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా చదవడం శేషఫణి చూశాడు.

తర్వాత మిగతాది చూశారు. పొగ, నూనె, మట్టి, పెచ్చులు. ఎక్కడా గోరు పెట్టలేదు, ఎవరు చేశారని అడగలేదు. చూడడం అయ్యాక మాత్రం ఒక ప్రశ్న వేశారు.

"ఇది ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందంటావు, ఫణీ?"

"ఇరవై, పాతికసార్లైనా వెళ్ళొచ్చుంటుంది మాస్టారూ. ఆ లెక్కనే పాతబరిచాను."

మాస్టారు తలూపి, లేచి లోపలికి వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక చేతిలో పాత బనియను ముక్క, రెండో చేతిలో కిరసనాయిలు సీసా ఉన్నాయి.

ఏం జరగబోతోందో శేషఫణికి అర్థమయ్యేలోపే ఆయన మొదలుపెట్టేశారు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ముక్కు దగ్గర్నుంచి తోక వైపుకి తుడుస్తున్నారు. ఒక రేకు తర్వాత ఒక రేకు, ఎప్పుడూ ఒకే దిక్కుకి. బొగ్గు పోయింది. ఎర్రమట్టి పోయింది. నల్ల చారికలు గుడ్డకెక్కాయి. పెన్సిలు చుక్కలు ఒక్కటీ మిగల్లేదు. అడుగున రంగు మాత్రం చెక్కుచెదరలేదు, ఆ చెయ్యి అంత తేలిగ్గా నడిచింది.

యాభై రోజుల పని పావుగంటలో గుడ్డపాలైంది. శేషఫణికి ఒళ్ళు మండింది. ఈయనకి కళ్ళతోపాటు మతి కూడా పోతోందా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది, అయినా ఊరుకోలేకపోయాడు.

"తప్పుంటే చెప్పచ్చుగా మాస్టారూ. నేనే దిద్దుకునేవాణ్ణి."

"రోజూ సాయంత్రం ఇలాగే తుడిచేవాణ్ణి" అన్నారాయన తల ఎత్తకుండా. "నా విమానం అది. దానిమీద మురికి ఎలా ఉంటుందిరా?"

తుడుస్తూనే కొంచెం కొంచెంగా చెప్పారు. ఆ విమానం డిపో నుంచి కొత్తగా వచ్చింది, రంగు వాసన కూడా పోలేదు. వెనక సీట్లో తుపాకి దగ్గర కూర్చునే కుర్రవాడిది తెనాలి, పేరు వేమూరి సదాశివం. ఆ శిబిరం మొత్తంలో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. హోదాల తేడా పక్కనపెట్టి ఒరే అంటే ఒరే అనుకునేవారు. సదాశివానికి ఒక దురలవాటు. రెక్క ఎక్కడానికి నల్లపట్టీతో దారి వేసి ఉంటే, దానిమీద కాకుండా పక్కన, కాలు పెట్టకూడదని రాసి ఉన్నచోటే బూటు పెట్టి ఎక్కేవాడు. దిగడం కూడా అక్కణ్ణించే. బూటు మేకులకి కొత్త రంగు గీసుకుపోయేది. దానియేలు రోజూ తిట్టేవాడు. ఆఖరి రోజు పొద్దున అందరి ముందూ కాస్త గట్టిగానే తిట్టాడు, పశువు కూడా దారి చూసుకుని నడుస్తుందన్నాడు.

"ఆయనేమన్నాడు?" అని అడిగాడు శేషఫణి. కోపం ఎప్పుడు పోయిందో అతనికే తెలీదు.

"నవ్వాడు. వచ్చాక నేనే రంగేస్తాలేరా, డబ్బా మూత తీసి ఉంచు అన్నాడు."

మాస్టారు గుడ్డని నాలుగు మడతలు పెట్టి పక్కనుంచారు.

"తీసే ఉంచాను. రంగు గడ్డకట్టిపోయింది."

ఆ విమానం ఆయన చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు. రోజుకోసారి వెళ్ళింది. తొమ్మిదోసారి వెళ్ళాక అది తిరిగి రాలేదు, అందులో ఉన్న ఇద్దరూ రాలేదు. ఆ సాయంత్రం దానియేలు అలవాటు ప్రకారం గుడ్డ తడుపుకుని మైదానంలో కూర్చున్నాడు. ఎవరో వచ్చి లేపేదాకా ఆ గుడ్డ చేతిలోనే ఉంది. ఆ తర్వాత ముప్పై తొమ్మిది విమానాలు చేశారు గాని, ఆ ఒక్కటీ నలభై ఏళ్ళుగా చెయ్యలేకపోయారు.

ఇప్పుడది ఆయన ఒళ్ళో ఉంది, కొత్తగా, నున్నగా. శేషఫణి పాతబడ్డ విమానాలు ఎన్నో చేశాడు, ఏ ఒక్కదానికీ ఏడుపు రాలేదు. ఈ కొత్త రంగుని మాత్రం చూడలేకపోయాడు. వెళ్ళొచ్చుంటుంది అన్న తన మాట తనకే వినబడుతోంది.

"పళ్ళు గీకే సూది ఉందా నీ దగ్గర?" అని అడిగారు మాస్టారు.

అది లేకుండా శేషఫణి గడప దాటడు. జేబులోంచి తీసి ఇచ్చాడు. మాస్టారు భూతద్దం పక్కన పెట్టేశారు. ఎడమ రెక్క మొదట్లో, వెనక అంచు దగ్గర, బొటనవేలు ఆనించి చోటు చూసుకున్నారు. చూపుతో పని లేనట్టు ఆవగింజంత గీత ఒకటి గీశారు. ఆకుపచ్చ రంగు లేచి కిందనున్న వెండి బయటపడింది. దాని పక్కన ఇంకోటి. లోలోపల లెక్కపెట్టుకుంటూ తొమ్మిది గీశారు.

"ఇవి ఎక్కినవి. బూటు ముందుమేకు" అని, సూది శేషఫణికిచ్చారు. "దిగేటప్పుడు మడమ గీసుకునేది. కొంచెం పొడుగ్గా, కొంచెం అంచు వైపుకి. అవి నువ్వు గియ్యి."

శేషఫణి విమానాన్ని తన ఒళ్ళోకి తీసుకుని ఒకటి గీశాడు. కాసేపాగి రెండోది గీశాడు. మాస్టారు మొహం ఎండ వైపుకి తిప్పుకుని కూర్చున్నారు. ఎనిమిదో గీత అయ్యాక సూది దాని పక్కకి వెళ్ళి ఆగింది. అక్కడ రంగు నున్నగా ఉంది. సూది వెనక్కి తీసుకున్నాడు.

"అయిందా?"

"అయింది మాస్టారూ."

మాస్టారు విమానాన్ని తీసుకుని ఆ గీతల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపారు. చివర, గీత లేని చోట, వేలు చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"బాగుంది" అన్నారు.

ఆరేళ్ళుగా ఆ మాట కోసం కాచుకున్న శేషఫణి తల ఎత్తలేదు. బనియను ముక్క తీసుకుని, రెక్క మీద రాలిన రంగు పొట్టుని ముక్కు దగ్గర్నుంచి తోక వైపుకి తుడవసాగాడు.