పోలి నేర్చిన మనసుల చదువు

నల్లవాగు అడవిలో దుప్పులూ కొండముచ్చులూ పొత్తు కలిసి బతికేవి. కొండముచ్చులు చెట్లెక్కి కావలి కాసేవి. పులి జాడ కనబడగానే కేక వేసేవి. దుప్పులు కింద మేస్తూ, గాలిలో పులి వాసన తగిలితే కొండముచ్చులకు చెప్పేవి. తాతల నాటి నుంచీ ఆ అడవి కట్టుబాటు అదే.

కావలివాళ్లకు పెద్ద గంటయ్య అనే కొండముచ్చు. అతని కేక కొండ అవతలికి వినిపించేది. అసలే చెట్టు మీద ఉండేవాడు, ఆ గొంతు చూసుకుని ఇక నేల మీద కాలు ఆనిస్తాడా!

అతని చేతి కింద పోలి అనే ఆడ కొండముచ్చు కావలి కాసేది. ఆమె గొంతు చిన్నది. పైగా పొట్టకు కరుచుకుని చంటివాడు చిట్టిగాడు ఎప్పుడూ ఉండేవాడు.

మధ్యాహ్నం దుప్పులు నెమరు వేసే వేళ పోలికి కాస్త తీరిక దొరికేది. అప్పుడామె వాగు ఒడ్డుకు వెళ్లేది. అక్కడ ఏనుగవ్వ మనసుల చదువు చెప్పేది. భయం ఎందుకు పుడుతుంది, భయపడ్డవాళ్లు మాట ఎందుకు వినరు, ఎలా చెబితే వింటారు, ఇవీ ఆ పాఠాలు. పోలి కొడుక్కి పాలిస్తూనే వినేది. వాడు ఏడిస్తే దూరంగా తీసుకెళ్లి ఊరుకోబెట్టేది. తిరిగొచ్చి తప్పిపోయిన పాఠం మళ్లీ అడిగేది. అవ్వ విసుక్కోకుండా చెప్పేది.

గంటయ్యకు ఇది నవ్వులాటగా ఉండేది.

"పిల్లతల్లివి, చేతిలో కావలి పని. నీకు చదువెందుకే పోలీ? చదివితే గొంతు పెరుగుతుందా?"

"పెరగదులే బావా. ఎదుటివాళ్ల మనసు తెలుస్తుంది."

"మనసు తెలిస్తే పులి పారిపోతుందా?" అని గంటయ్య పళ్లికిలించాడు.

పోలి మనసు చివుక్కుమంది. అయినా మర్నాడూ పాఠానికి వెళ్లింది.

ఒకరోజు చిట్టిగాడు కొమ్మ మీంచి దూకలేక బిగుసుకుపోయాడు. పోలి గట్టిగా కసిరింది. వాడు కొమ్మను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. భయపడ్డవాళ్లకు కేకలు పనికిరావు, మెల్లగా ఒక్క చిన్న పని చెప్పాలి అని అవ్వ చెప్పింది ఆమెకు గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్లి, "నా తోక పట్టుకో నాన్నా, చాలు" అంది మెల్లగా. వాడు పట్టుకుని దిగాడు. పాఠం నిజమేనని పోలికి ఆ రోజు బాగా అర్థమైంది.

ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం గడ్డిలో పెద్దపులి కదిలింది. గంటయ్య అడవి అదిరేలా కేక వేశాడు. దుప్పులన్నీ పరుగెత్తాయి. దుప్పుల మందకు పెద్ద అయిన చుక్కమ్మకు ఒక కూన ఉంది. అది మాత్రం ఆ కేకకు హడలిపోయి గడ్డిలో కూలబడింది.

"లే దద్దమ్మా! పరుగెత్తు!" అని గంటయ్య ఇంకా గట్టిగా అరిచాడు.

కూన ఇంకా ముడుచుకుపోయింది. చుక్కమ్మ ప్రాణాలకు తెగించి వెనక్కి తిరిగింది. పులి దగ్గర పడుతోంది.

"బావా, నీ కేక ఆపు!" అంది పోలి.

బిడ్డను పొట్టకు అదుముకుని కింది కొమ్మకు దిగింది. పులి దూకితే అందేంత కింద! ఆమెకూ భయం వేసింది. గొంతులో మాత్రం ఆ భయం తెలియనివ్వలేదు.

"బంగారూ, ఇటు చూడు. నా తోక వెంట రా. అంతే."

కూన కళ్లెత్తింది. వేలాడే తోకను చూసింది. లేచి అడుగు వేసింది. పోలి కొమ్మ నుంచి కొమ్మకు సాగింది. కూన ఆమె వెంట ముళ్లపొదల సందులోకి దూరి, పొదలు చుట్టి అవతలికొచ్చిన తల్లిని చేరింది. వెనకే దూకిన పులికి మూతి నిండా ముళ్లే దొరికాయి.

మర్నాడు జంతువులన్నీ సమావేశమయ్యాయి.

"ఒట్టి గొంతును నమ్మి మా పిల్లల ప్రాణాలు అప్పగించం. ఇకమీదట కావలిపెద్ద పోలి" అంది చుక్కమ్మ. కాదనే నోరు ఒక్కటీ లేదు. గంటయ్య తలవంచుకుని తన పైకొమ్మ ఖాళీ చేశాడు. అవతలి కొండ మందలు కూడా తమ కావలివాళ్లను పోలి దగ్గరికి పంపి పని నేర్పించుకున్నాయి. ఏనుగవ్వ కనబడిన ప్రతివాళ్లతో "నా శిష్యురాలు!" అని చెప్పుకుని మురిసిపోయింది.

"ఇంత విద్య ఎక్కడ నేర్చావమ్మా?" అని చుక్కమ్మ అడిగింది.

పోలి తలెత్తుకుని నిలబడింది.

"సగం అవ్వ దగ్గర, సగం వీడి దగ్గర" అని చిట్టిగాణ్ణి పైకెత్తి అందరికీ చూపించింది.

నీతి: ఎదుటివారి మనసు ఎరిగినవారే పనిలో పెద్దవారవుతారు. ఆ చదువుకు బిడ్డా అడ్డు కాదు, కొలువూ అడ్డు కాదు.