తోడేలుకు చోటు

పైడితల్లికి వాదనలో ఓడిపోవడం చేతకాదు. చూపులేని పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటూ, కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులన్నీ ఊడ్చుకుపోయిన పిల్ల. చెవి అంతకంటే పదును. బొబ్బిలి దగ్గర పల్లెలో తల్లి ఒడిలో కూర్చుని వీణ శ్రుతి చేయడం నేర్చింది.

పియానోలు శ్రుతి చేసే పని నేర్చుకుందామని ఇమ్మానియేలు మాస్టారి దగ్గర చేరింది. ఆయనకూ చూపు లేదు. విశాఖ నుంచి భీమిలి దాకా బళ్లలో, చర్చిల్లో, పాత బంగళాల్లో ఉన్న పియానోలన్నీ ఆయన చేతిలో పలికినవే.

ఆయన చెప్పినవన్నీ ఆమె ఇట్టే పట్టేసింది. ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు.

"ప్రతి పంచమాన్నీ వెంట్రుకవాసి తగ్గించి కట్టాలమ్మా," అన్నారు మాస్టారు.

"తగ్గిస్తే అపశ్రుతి కదండీ?"

"ఆ మాత్రం అవును."

"తప్పని తెలిసీ తప్పు కట్టమంటారా? సా ఉంటే దాని పా ఉంటుంది. పా అంటే పా యే. వీణ మీద నేనలా కడితే మా అమ్మ వీపు చిట్లగొట్టేది."

మాస్టారు మీసం చాటున నవ్వారు.

భీమిలిలో ఆడపిల్లల మిషన్ బడికి వెళ్లిన రోజున, తీగల మేకులు తిప్పే తాళం ఆమె చేతిలో పెట్టారు.

"ఇవాళ నువ్వే కట్టు పైడీ. సాయంత్రం పిల్లల పాటకి ఇది సరిగా పలికిందా, ఈ బడి పని ఇక నీది. లేదా, ఇంకో ఏడు నా సంచీ మొయ్యి."

"మోసే పని పడదు లెండి," అంది పైడితల్లి.

పాటల జట్టు పిల్లలు అప్పటికే చుట్టూ మూగారు. వాళ్లలో అందరికంటే చిన్నది ప్రిస్కిల్లా. "అక్కా, కళ్లు కనబడకుండా ఎలా కడతావు?" అని అడిగేసింది.

"నువ్వు కళ్లతో వింటావా ఏటే?"

పిల్లలు గొల్లుమన్నారు.

పైడితల్లి పని మొదలుపెట్టింది. ఒక స్వరాన్ని సా అనుకుని దాని పా కట్టింది. ఆ పా ని మళ్లీ సా అనుకుని దాని పా కట్టింది. అలా పన్నెండు స్వరాలూ చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. కట్టిన ప్రతి పా అల లేని నీళ్లలా నిలిచింది. వెంట్రుకవాసి కాదు కదా, అందులో సగం కూడా ఆమె తగ్గించలేదు.

"వింటున్నారా మాస్టారూ?"

"వింటున్నానమ్మా."

చుట్టు పూర్తయింది. చివరి స్వరాన్నీ, మొదటి స్వరాన్నీ కలిపి నొక్కింది.

పియానో ఊళపెట్టింది.

పిల్లలు చెవులు మూసుకున్నారు. "అదేంటి మాస్టారండీ?" అంది ప్రిస్కిల్లా.

"తోడేలు. మా పనిలో దాన్ని అలాగే అంటాం."

"మేకు వదులైంది, అంతే," అంది పైడితల్లి. ఆ చివరి స్వరాన్ని సరిచేసింది. ఊళ దాని ముందు జతలోకి దూకింది. అక్కడ సరిచేస్తే ఇంకోచోట. అంతా విప్పి మళ్లీ మొదటినుంచి కట్టింది. చివర్లో అదే తోడేలు, అదే ఊళ. మధ్యాహ్నం గంట కొట్టారు. సాయంత్రం దగ్గరపడుతోంది. ఆమె మెడ మీద చెమట కారుతోంది.

"పియానోయే దగాకోరుది! నేను కట్టినవాటిలో ఒక్క తప్పు చూపించండి."

"ఒక్కటీ లేదు," అన్నారు మాస్టారు. పిల్లల వైపు తిరిగారు. "అమ్మలూ, అందరూ వచ్చి ఈ బల్ల మీద కూర్చోండి. హాయిగా కూర్చోవాలి. ఎవరి గౌనూ నలగకూడదు, ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలకూడదు."

పిల్లలు గౌన్లు పరుచుకుని దర్జాగా కూర్చున్నారు. బల్ల చివర ధబ్బుమంది.

"మాస్టారండీ, నాకు చోటు లేదు!" ప్రిస్కిల్లా గొంతు నేల మీద నుంచి వచ్చింది.

"పైడీ, ఆ గుంటని కూర్చోబెట్టు."

పైడితల్లి వెళ్లి ప్రిస్కిల్లాని లేవదీసి బల్ల మీదికి నెట్టింది. అటు చివర ఇంకో పిల్ల ధబ్బున పడింది. దాన్ని ఎక్కిస్తే మధ్యలోంచి ఒకతి కెవ్వుమని లేచింది.

"తప్పు ఏ పిల్లది?" అడిగారు మాస్టారు.

"ఎవరిదీ కాదండీ! ఎవరికి వాళ్లు సరిగ్గానే కూర్చున్నారు. అందరూ తలా కాస్త—"

పైడితల్లి చెయ్యి ఒక పిల్ల భుజం మీద అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆ భుజాన్ని మెల్లగా కొద్దిగా జరిపింది. పక్క భుజాన్నీ అంతే. ఆ పక్కదాన్నీ. చివర్లో ప్రిస్కిల్లా ఎక్కి కూర్చుని కాళ్లూపింది.

పైడితల్లి పియానో దగ్గరికి వెళ్లి తాళం అందుకుంది.

సాయంత్రం పిల్లలు ఏ స్వరం ఎత్తుకుంటే ఆ స్వరంతో పియానో కలిసి నడిచింది. వెంట్రుకవాసి తగ్గించి కట్టిన ప్రతి పంచమంలోనూ నిద్రపోయే పసిపాప ఊపిరంత కదలిక ఉంది. అమ్మ వింటే కొట్టేదేమో అనుకుంది పైడితల్లి. అనుకుని, నవ్వుకుంది.

గేటు దగ్గర మాస్టారు హెడ్మిస్ట్రెస్‌తో అన్నారు: "వచ్చే ఏటి నుంచి మా పైడి ఒక్కతే వస్తుందమ్మా."

ప్రిస్కిల్లా వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, అక్కా, మరి తోడేలు పారిపోయిందా?"

"లేదే," అంది పైడితల్లి. "అందరి దగ్గరా కాస్త కాస్త కూర్చుంది."

మాస్టారు తన సంచీ తానే భుజాన వేసుకున్నారు.