అద్దం మీది బొట్టుబిళ్ల

పేరయ్య మాస్టారు ఫోటోలు తీయడం నేర్పుతారు. శిష్యులు ఏదడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు, "పద, అలా సంతకి పోయొద్దాం" అంటారు. ఆయన బడి అంతా బజార్లోనే.

సుధీంద్ర అని కొత్త శిష్యుడొకడు. తెలివైనవాడే, కాకపోతే ఆ తెలివి మనిషికన్నా కాస్త ముందు నడుస్తుంది. "మాస్టారూ, ఫోటో బాగుండాలంటే అక్కర్లేనివి తీసేయాలంటారు కదా. ఏది అక్కర్లేనిదో తెలిసేదెలా?" అని అడిగాడు. మాస్టారు చెప్పులేసుకున్నారు.

విశాఖలో పాత సామాన్ల సంతకి వెళ్ళారు. అక్కడ మనవాడికి ఓ పాత అద్దం బల్ల కనబడింది. ఆహా, ఏం రంగులని! నీలం పెచ్చులూడిన చోట ఆకుపచ్చ, దాని కింద ఎండుమిరప ఎరుపు. అద్దం పైమూల మాత్రం ఎవరిదో పాత బొట్టుబిళ్ల అంటుకుని ఉంది. చూపంతా అదే లాగేస్తోంది. గోటితో గీకి పారేశాడు మహానుభావుడు. తర్వాత తనివితీరా ఫోటోలు తీసుకున్నాడు. మాస్టారు పక్క కొట్టు దగ్గర టీ తాగుతున్నారు.

ఇంతలో వరాలమ్మ అనే ఆవిడ ఆటో దిగి పరుగున వచ్చింది. ఆ బల్ల చనిపోయిన ఆమె తల్లిది. ఈవిడ అత్తారింట్లో ఉండగా తమ్ముడు అమ్మేశాడట. తిరిగి తీసుకుపోదామని వచ్చింది. వస్తూనే అద్దం మూల తడిమి, "ఓలమ్మా! అమ్మ బొట్టేదీ? ఎవరు తీసినారు?" అంది.

బల్ల అమ్మే కొట్టాయన సుధీంద్ర వైపు చూశాడు. "నేనేనండీ" అన్నాడు వాడు.

ఆవిడ తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"మా అయ్య పోయాక పదోనాడు అమ్మకి బొట్టు తీసీసినారు బాబూ. ఆ బిళ్లే అట్టుకొచ్చి ఇక్కడ అంటించుకుంది. రోజూ తల దువ్వుకునేటప్పుడు, నుదురు సరిగ్గా దాని ఎదరకి వచ్చేలా నిలబడేది." వాడి మెళ్ళో కెమెరా చూసి ఆశగా అడిగింది. "పోనీ, తీసీసే ముందు ఫోటో ఏమన్నా తీసినావా?"

తీయలేదు. అన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు. సుధీంద్ర మట్టిలో మోకాళ్ళ మీద కూలబడి వెతికాడు. జనం తొక్కిన నేల, ఏం దొరుకుతుంది? సిగ్గుతో చచ్చిపోయాడు. లేచొచ్చి ఆవిడ వెనకాల తల దించుకుని నిలబడ్డాడు.

వరాలమ్మ అద్దం మూల మిగిలిన బంక మరక పట్టుకుంది. మునివేళ్ళ మీద లేచి, తన నుదురు దాని ఎదరకి తెచ్చుకుని చూసుకుంటోంది. అద్దంలో ఆవిడ ముఖం పక్కనే వీడి ముఖం, కెమెరా.

"మాస్టారూ, నేనిప్పుడేం చెయ్యను?" అన్నాడు ఏడుపు గొంతుతో.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"ముందు ఆ అద్దంలోంచి నువ్వు తప్పుకో నాయనా."