కళ్లు పెట్టని మూడు రోజులు

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో గవర్రాజు అనే లక్కబొమ్మల పనివాడు ఉండేవాడు. అతని చేతిలో ఎంత పనితనం ఉండేదో, మనసులో ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న బెంగ కూడా అంతే ఉండేది. చొక్కా గుండీ ఒక్కటి ఊడినా వీధి మొగదల దాటేవాడు కాదు. పెళ్లి భోజనంలో పులిహోర రెండోసారి అడగడానికి మొహమాటపడి, ఇంటికి వచ్చి ఆవకాయ అన్నం కలుపుకునేవాడు.

అలాంటి మనిషికి ఒక రహస్యం ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బొమ్మల వీధి వీధంతా కునుకు తీసేది. కర్రను తిప్పి చెక్కే లేత్ మిషన్లు ఆగిపోయేవి. నది మీంచి తడిగాలి మెల్లగా వచ్చి, కరిగిన లక్క వాసనను ఇంటింటికీ మోసుకుపోయేది. ఆ వేళ గవర్రాజు పనిసాల తలుపు దగ్గరగా వేసి, ఆ రోజు తయారైన బొమ్మలకు కళ్లు పెట్టేవాడు. సన్నని కుంచెతో రెండు నల్లచుక్కలు, అంతే. చుక్కలు ఆరేలోగా ఆ బొమ్మతో మాట్లాడేవాడు.

“సూడమ్మా, నువ్వు పుణె ఎల్తన్నావు. అక్కడ సలెక్కువ. నిన్ను కొన్న పాప పేరు నాకు తెల్దు గాని, మంచి పిల్లే అయ్యుంటాది. కింద పడేసిందని అలగకు” అనేవాడు.

ఏనుగుకు సముద్రం ఎలా ఉంటుందో వివరించేవాడు. కోడిపుంజుకు రైలెక్కే ధైర్యం చెప్పేవాడు. ఒక్కోసారి పెళ్లికూతురు బొమ్మను అరచేతిలో నిలబెట్టుకుని, తనే కట్టిన పాట పాడుతూ నాలుగడుగులు ఆడేవాడు కూడా. యాభై నాలుగేళ్ల మనిషి! ఎవరైనా చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని, ఆ పాటనైనా గొంతు దించే పాడేవాడు. ఆ గంటసేపూ పనిసాలలో వెలుగు లక్కరంగులా కాస్త ఎర్రగా, కాస్త పసుపుగా ఉండేది. గవర్రాజుకు తన రోజులో ఇష్టమైనది ఆ గంటే.

పనిసాల మూలన ఒక ల్యాప్‌టాప్ ఉండేది. ఆర్డర్లన్నీ అందులోకే వచ్చేవి. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు అతని భార్య వరహాలు లేత్ మిషనుకు, ఉలులకు, కుంచెలకు బొట్లు పెట్టుకుంటూ వచ్చి దీని ముందు ఆగింది. దీనికి నుదురు ఎక్కడుంటుందా అని కాసేపు చూసి, తెర పైన సరిగ్గా నడిమధ్యన గంధం, పసుపు దట్టంగా అద్ది, మీద కుంకుమ పెట్టింది. పూజలో పెట్టిన బొట్టు చెరపకూడదని ఆ ఇంట్లో గట్టి పట్టింపు. దుమ్ము తుడిచేటప్పుడు గవర్రాజు చెయ్యి అలవాటుగా ఆ చోటు తప్పించుకుని పోయేది. నాలుగు నెలల్లో బొట్టు ఎండి, పొడి పట్టి, నల్లటి అంచులో కలిసిపోయింది. దాని సంగతే అతను మరిచిపోయాడు.

మాఘమాసంలో ఒక ఉదయం, నది మీద మంచు ఇంకా విడవకముందే, ల్యాప్‌టాప్‌లోకి ఒక ఉత్తరం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. గవర్రాజు ఫోను పట్టి తెలుగు చేసుకుని చదివాడు.

‘నేను నీ కంప్యూటరులోకి దూరాను. మూడు నెలలుగా నీ కెమెరా కంటితో నిన్ను చూస్తున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు నువ్వు చేసే పని మొత్తం వీడియో తీశాను. రెండు రోజుల్లో ఎనభై వేల రూపాయలు డిజిటల్ నాణేలుగా మార్చి పంపు. పంపకపోతే ఆ వీడియో నీకు తెలిసినవాళ్లందరికీ వెళుతుంది. ఎవరికైనా చెప్పావో, వెంటనే వెళుతుంది. నమ్మకం కుదరలేదా? నీ పాస్‌వర్డ్ ఇదిగో.’

కింద ‘వరహాలు’ అనీ, పక్కనే వాళ్ల పెళ్లయిన సంవత్సరం అంకెలూ ఉన్నాయి. అది నిజంగా అతని పాస్‌వర్డే.

ఒంటరిగా చేసే పని అంటే ఇంకేముంది? బొమ్మలతో కబుర్లు, ఆ పాట, ఆ నాలుగడుగులు. పుణె కొట్టువాళ్లు, బొమ్మలు కొనే విశాఖపట్నం మేడం గారు, బొమ్మల పనివాళ్ల సంఘంలో పెద్దలు, వియ్యాలవారు, అందరూ తలా ఒక ఫోను పట్టుకుని తన గంతులు చూసి నవ్వుతున్నట్టు గవర్రాజు కళ్ల ముందు కనబడింది. గబగబా ల్యాప్‌టాప్ మూసేసి, మీద పాత దుప్పటి కప్పాడు. అదీ చాలక దుప్పటి మీద ఒక చెక్క పెట్టాడు. చెక్క దేనికో అతనికే తెలియదు.

ఆ మధ్యాహ్నం కళ్లు పెట్టడానికి కూర్చున్నాడు గాని కుంచె కదలలేదు. కొత్తగా ఒక కన్ను గీస్తే తనను చూసే కన్ను ఇంకొకటి పెరుగుతుందనిపించింది. కుంచె కడిగేసి గోడకు చేరగిలబడ్డాడు. కళ్లు మూతపడ్డాయి. నది మీది మంచు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఆ మంచులో బొమ్మలన్నీ వరసగా నడిచిపోతున్నాయి. ఏనుగు, కోడిపుంజు, పెళ్లికూతురు, ఎవరూ వెనక్కి తిరగడం లేదు. “ఎక్కడికి ఎల్తన్నారు?” అని అడిగాడు. “మాకు కళ్లు నేవు గదా, మాకేటి తెల్సు?” అన్నాయి బొమ్మలు. ఉలిక్కిపడి లేచేసరికి సాయంత్రపు ఎండ గుమ్మంలోకి జారింది. బొమ్మలు బల్ల మీదే ఉన్నాయి. వాటి ముఖాలు ఖాళీగా ఉన్నాయి.

రెండో రోజూ అంతే. మూడో రోజుకు బల్ల మీద కళ్లు లేని బొమ్మలు నూటపాతిక అయ్యాయి. పుణె ఆర్డరు ఆ వారంలోనే వెళ్లాలి. పైగా బొమ్మలు చేసే అంకుడు కర్ర బండి వచ్చే రోజులవి. ఏడాదికి సరిపడా కర్ర ఇప్పుడే కొని ఆరబెట్టుకోవాలి. ఇప్పుడు కొనకపోతే వానాకాలమంతా లేత్ మిషను ఊరికే ఉంటుంది. ఆ కర్ర కోసం పెట్టెలో దాచింది సరిగ్గా ఎనభై వేలే. ఉత్తరంలో చెప్పిన గడువు ఆ రోజుతో ముగుస్తుంది. గవర్రాజు ఆ డబ్బు తువ్వాలులో మూటగట్టి, పక్కనే ఉన్న అడ్డరోడ్డు ఊళ్లో నెట్ సెంటరుకు వెళ్లి ఆ డిజిటల్ నాణేలేవో కొందామని మెల్లగా గుమ్మం దిగాడు.

వరహాలు మొగలి ఆకులు చేతబట్టుకుని ఎదురొచ్చింది. బొమ్మలకు ఆ ఆకులతో మెరుగు పెట్టేది ఆవిడే.

“ఏటైనాది మావా నీకు? మూడు రోజుల్నించి బొమ్మలతో మాటాడ్డం నేదేటి?” అంది.

గవర్రాజు మూటను వీపు వెనక్కి దాచాడు. “నీకెలాగ తెలుసు?” అన్నాడు.

“నా సంగతి తర్వాత. ఆ మూటేటి?”

మూడు రోజులుగా మింగిన భయమంతా ఒక్కసారి పైకి వచ్చింది. గవర్రాజు గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ ఉత్తరం సంగతంతా చెప్పేశాడు. “పరువు పోద్దే వరహాలు. ఆడు అంతా సూసేశాడే” అన్నాడు.

వరహాలు అంతగా చదువుకోలేదు. కాని ఎంత కంగారులోనైనా కర్రలో పగులు ఎక్కడుందో వెతికే కన్ను ఆవిడది. “ఏటి సూశాడని రాశాడు? మళ్లీ ఒకసారి సదువు” అంది.

గవర్రాజు ఫోను తీసి చదివాడు. మళ్లీ చదివాడు. ‘నువ్వు చేసే పని’ అని ఉంది. ఏ పనో ఎక్కడా లేదు. బొమ్మల మాట లేదు, పాట మాట లేదు.

“నిన్ను మూడు నెలలు సూసినోడు ఒక్క బొమ్మ పేరైనా రాయడేటి? ఆడు ఉత్త సంచి ఇసిరాడు. అందులో బొమ్మలూ, పాటా, గంతులూ అన్నీ నువ్వే కుక్కావు” అంది వరహాలు. తర్వాత లోపలికి వెళ్లి చెక్క తీసి, దుప్పటి తీసి, ల్యాప్‌టాప్ తెరిచింది. “ఇంతకీ దీని కెమెరా ఎక్కడుంటాది?”

“అదిగో, పైన నడిమధ్యన...” అని వేలు చూపించిన గవర్రాజు ఆగిపోయాడు. వేలి కింద గట్టిగా, గరుకుగా ఏదో తగిలింది. దసరా నాటి బొట్టు. గంధం, పసుపు, కుంకుమ, నాలుగు నెలల దుమ్ముతో సహా కెమెరా కంటిని నిండా మూసేసి ఉంది. సంక్రాంతి ముందు విశాఖపట్నం మేడం గారు వీడియో కాల్ చేసినప్పుడు, “మీరు కనబడటం లేదండీ, అంతా చీకటిగా ఉంది” అన్నారు. నెట్ బాగాలేదని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

“మూడు నెల్లూ ఆడు సూసింది నా కుంకుమబొట్టునా?” అంది వరహాలు. ముందు ఆవిడ నవ్వింది. తర్వాత గవర్రాజు నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

“మరి పాస్‌వర్డో? అది నిజమే గదా” అన్నాడు, నవ్వు సగంలో ఆపి.

ఆ ప్రశ్న పట్టుకుని ఇద్దరూ కలిసే అడ్డరోడ్డు వెళ్లారు. డబ్బు మూట మాత్రం మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. నెట్ సెంటరు నడిపే హైమావతి ఉత్తరం చూసి తల ఊపింది. “ఇది మీ ఒక్కరికే వచ్చిందనుకున్నారా బాబాయ్? నాకూ వచ్చింది, చూడండి. అవే మాటలు. మా సెంటరులో కంప్యూటర్లకు అసలు కెమెరాలే లేవు” అంది. “మీ పాస్‌వర్డ్ ఎప్పుడో, మీరు పేరు రాయించుకున్న ఏదో వెబ్‌సైట్ నుంచి దొంగలపాలై ఉంటుంది. అలాంటివి వేలకొద్దీ పోగేసి, అందరికీ ఇదే ఉత్తరం పంపిస్తారు. భయపడ్డవాడే కడతాడు. కట్టినవాణ్ణి మళ్లీ అడుగుతారు.”

“అయితే ఏటి జవాబివ్వాలమ్మా?” అన్నాడు గవర్రాజు.

“జవాబే వద్దు. పైసా వద్దు. ఉత్తరం చెరిపెయ్యకుండా దాచి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు పెడదాం. ఆ పాస్‌వర్డ్ ఇంకా వాడుతున్నారా?”

“అన్నిటికీ అదే వాడతన్నాను.”

“అదీ అసలు తప్పు” అంది హైమావతి. ముందుగా అతని మెయిల్లోకి పరాయివాళ్లెవరూ రాలేదని చూసి నిర్ధారించుకుంది. తర్వాత దేనికది వేరే పాస్‌వర్డ్ పెట్టించింది. కొత్త చోటి నుంచి ఎవరు తెరవబోయినా ఫోనుకు అంకెలు వచ్చేలా రెండో తాళం కూడా వేయించింది. ‘వరహాలు’ పేరు తీసేస్తుంటే గవర్రాజుకు కాస్త బాధ కలిగింది. వరహాలుకు మాత్రం ఏ బాధా లేదు. “దొంగనాకొడుకుల నోట నా పేరెందుకు, మార్సియ్యి” అంది.

మర్నాటి మధ్యాహ్నం వీధి మళ్లీ కునుకుకు సిద్ధమైంది. గవర్రాజు కుంచె ముంచి, ఏనుగుకు మొదటి కన్ను పెట్టాడు. తలుపు దగ్గరగా వేద్దామని లేచాడు. అప్పుడు గోడ అవతలి నుంచి పక్కింటి ముసలమ్మ ఎర్రయ్యమ్మ గొంతు వినిపించింది.

“ఏటి నాయనా, మూడు రోజుల్నించి ఊసే నేదు? నీ మాటలు ఇనపడకపోతే ఈ వీధిలో ఒక్కరికీ కన్ను మూతపడ్డం నేదు. ఇంతకీ ఆ కోడిపుంజు రైలెక్కిందా, నేదా?”

గవర్రాజు ముఖం ఎర్రబడింది. ముప్ఫయ్యేళ్లుగా తను దాచుకున్నాననుకున్నది వీధంతటికీ జోలపాట అయిందన్నమాట! ఎవరూ నవ్వలేదు. ఎవరూ అతనితో ఆ మాట అనలేదు. అంటే ఎక్కడ మానేస్తాడోనని ఊరుకున్నారు.

అతను తలుపు వేయలేదు. బార్లా తీశాడు. కోడిపుంజును చేతిలోకి తీసుకుని, వీధికి వినబడేలా గొంతు పెంచి, “రేపే నీ రైలు, బయపడకు” అని మొదలుపెట్టాడు. నది గాలి ఆ మాటలను ఇంటింటికీ పట్టుకుపోయింది. సాయంత్రానికి నూటపాతిక బొమ్మలూ కళ్లు తెరిచాయి. ఆ వారంలోనే కర్రబండీ వచ్చింది. ఆ వీడియో మాత్రం ఎవరికీ రాలేదు. ఉంటే కదా రావడానికి!

కనబడనివాడు బెదిరించి డబ్బు అడిగితే, భయపడి కట్టకూడదు, సిగ్గుపడి దాచకూడదు. వెంటనే అయినవాళ్లకు చెప్పాలి, ఎందుకంటే మనం దాచుకున్న భయమే అలాంటి దొంగకు పెట్టుబడి.