అసిరమ్మ పీట

కొండ మీది పులులు గెడ్డలో నీళ్ళు తాగడానికి దిగే కాలం. మన తాతల తాతలు ఇంకా ఎవరి ఒళ్ళోనూ లేని కాలం. ఆ కాలంలో గెడ్డ ఒడ్డున పాలవలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒక మంత్రసాని ఉండేది.

ఎవరింట్లో నొప్పులొచ్చినా అసిరమ్మే వెళ్ళాలి. ఎండలో వెళ్ళేది. వానలో వెళ్ళేది. పొయ్యి మీద కూడు ఉడుకుతుంటే దించేసి వెళ్ళేది. బిడ్డ చేతిలో పడగానే చెవి దగ్గర నోరుపెట్టి, "వచ్చీసినావా? రా రా, అందరం ఇక్కడే ఉన్నాం" అనేది. ఆ ఊరివాళ్ళందరూ ఈ లోకంలో మొదట విన్న మాట అదే.

ఆమెకు ఒక్కతే కూతురు, చిన్నాలు. పెళ్ళయిన చాన్నాళ్ళకి నెల తప్పింది. ఊరందరి బిడ్డల్నీ పట్టిన చేతులతో నా కూతురి బిడ్డనీ పడతానని అసిరమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఆ ఏడు మంచు నెలల్లో దగ్గు జ్వరం వచ్చింది. ఏటా వచ్చేదే, ఆ ఏడు గట్టిగా వచ్చింది. పొద్దున నవ్వుతూ తిరిగిన మనిషికి మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయేది. తల పగిలిపోయేది, కీళ్ళన్నీ పీకేవి, గొంతు మండేది, పొడిదగ్గు ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. సంత నుంచి దగ్గుతూ వచ్చిన బెల్లం బేరగాడొకడు ఒక ఇంట్లో పడుకున్నాడు. ఆ ఇల్లంతా మంచమెక్కింది. వాళ్ళని పలకరించడానికొచ్చి కుంపటి చుట్టూ కూర్చున్నవాళ్ళ ఇల్లంతా మంచమెక్కింది. వాళ్ళ చెంబుతో నీళ్ళు తాగిన పక్కింటి పిల్లలు మంచమెక్కారు.

అసిరమ్మ మూడిళ్ళకీ తిరిగింది. గంజి కాచిపోసింది, నుదుటిమీద తడిగుడ్డ వేసింది, పనిలోకి పోకుండా పడుకోమంది. నాలుగు రోజులకి చాలామందికి జ్వరం దిగింది. దగ్గు ఇంకొన్నాళ్ళు పట్టింది. మూడో ఇంట్లో చంటిపిల్ల మాత్రం దక్కలేదు. వేసవిలో ఆ పిల్ల చెవిలో మాట చెప్పింది అసిరమ్మే. ఆ రోజు ఆమె కూడు ముట్టలేదు. ఈ జ్వరం గాలీ ధూళీ కాదనీ, మనిషి దగ్గులోంచి మనిషిలోకి, మనిషి చేతిలోంచి మనిషి చేతిలోకి నడుస్తోందనీ మాత్రం అంది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున అసిరమ్మ లేచేసరికి ఒళ్ళు వేడిగా ఉంది. గొంతు మండుతోంది. ఆ పొద్దునే అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. చిన్నాలుకి నొప్పులొస్తున్నాయి.

అసిరమ్మ వెళ్ళింది. కానీ గడప దాటలేదు. నోటికీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని, వాకిట్లో పీట వేయించుకుని దాని మీద కూర్చుంది. పక్కింటి పారమ్మని పిలిచి, కుంకుడురసంతో మోచేతుల దాకా కడుక్కోమంది. పారమ్మ ఎప్పుడూ కాన్పు చేసింది కాదు. అయినా కడుక్కుని లోపలికి వెళ్ళింది.

లోపల్నుంచి చిన్నాలు ఏడ్చింది. "అమ్మా, లోనికి రాయే. నాకు బయ్యంగా ఉంది."

"నా చేతుల్లో జొరముందే తల్లీ," అంది అసిరమ్మ. "చేతులు రాకూడదు. నా మాటొస్తాది. విను."

ఆ మాటే లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఊపిరి పట్టమంది. ఇప్పుడు వదలమంది. ఇప్పుడు ముక్కమంది. మధ్యమధ్య దగ్గొచ్చినప్పుడు పక్కకు తిరిగి కొంగులోకి దగ్గేది. పొద్దెక్కింది. బిడ్డ బయటపడింది. ఏడవలేదు.

అసిరమ్మ పీట మీంచి లేచింది. గడప దాకా వెళ్ళింది. తలుపు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. "నోట్లో జిగురు తుడు. పొడిగుడ్డతో వీపు రుద్దు. ఇంకా రుద్దు, పారమ్మా, ఆపకు," అంది.

పారమ్మ ఆపలేదు. బిడ్డ కేరుమంది.

పారమ్మ బిడ్డను తెచ్చి చేతుల్లో పెట్టబోయింది. అసిరమ్మ గబగబా వెనక్కి జరిగి మళ్ళీ పీట మీద కూర్చుంది. అక్కణ్ణుంచే చూపించమంది. ఆడపిల్ల. చాలాసేపు చూసింది. తర్వాత ఆ దూరం నుంచే, "వచ్చీసినావా? రా రా, అందరం ఇక్కడే ఉన్నాం" అంది.

ఆ ఇంట్లో తల్లికీ బిడ్డకీ జ్వరం రాలేదు.

అసిరమ్మకి మాత్రం ముదిరింది. ముసలి ఒళ్ళు. తన గుడిసెలో ఒక్కతే పడుకుంది. పారమ్మ గంజి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. ఆయాసం ఎక్కువైంది, పెదాలు నల్లబడ్డాయి. రేపటికి తగ్గుతుందిలే అని ఊరివాళ్ళు ఒక రోజు చూశారు. మర్నాడు డోలీలో పట్నం వైద్యుడి దగ్గరికి మోసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. మనవరాల్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు.

ఎప్పటి మాటో ఇది. పులులు లేవు, గెడ్డలో నీళ్ళూ తగ్గాయి. కాన్పులు ఆస్పత్రిలో అవుతున్నాయి. మంచు నెలలకి ముందే నర్సమ్మ దగ్గు జ్వరానికి టీకా తెస్తుంది. ముసలమ్మలు జబ్బ చాపి, మన అసిరమ్మ రోజుల్లో ఇది లేకపోయిందే అనుకుంటారు. ఎవరికైనా ఆయాసం వచ్చిందంటే, "రేపు చూద్దాం అనకండి, అసిరమ్మకి అలాగే అన్నారు" అని అప్పుడే బండి కట్టిస్తారు.

చంటిబిడ్డ ఉన్న ప్రతి ఇంటి వాకిట్లోనూ మంచు నెలల్లో ఒక పీట ఉంటుంది. దగ్గున్నవాళ్ళు, ఎంత దగ్గరి చుట్టాలైనా, వచ్చి దాని మీదే కూర్చుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. కాసేపటికి లోపల్నుంచి ఎవరో ఒకరు గడప దగ్గరికి వచ్చి, బిడ్డను పైకెత్తి చూపిస్తారు.