తోమోజీ విప్పిన బొంత

అనగనగా, మనకంటే ముందే తెల్లవారే జపాన్ దేశంలో తోమోజీ అని ఒకాయన ఉండేవాడు. ఆయన పనేంటో తెలుసా? పాత బట్టలు కొనడం! నవ్వకు నాన్నా, మన వీధిలో స్టీలు గిన్నెలిచ్చే ఆవిడలా కాదు. వందేళ్ళనాటి పట్టుబట్టలు, నీలిమందు అద్దకాలు ఊరూరా తిరిగి ఏరి తెచ్చి, కర్పూరం వేసిన పెట్టెల్లో దాచుకునేవాడు. అదో పిచ్చి ఆయనకి.

ఒక చలికాలం మంచు కురిసే సముద్రపు ఒడ్డున ఒక పల్లెకి వెళ్ళాడు. అక్కడ ఒక ఇంట్లో సాయో అని కొత్త కోడలు ఉంది. నిండు నెలలు. అత్తగారు ఒకినూ కట్టెలకి వెళ్ళింది. మూలన ఒక బొంత మడిచిపెట్టి ఉంది, అతుకు మీద అతుకు, దాని మీద ఇంకో అతుకు. తోమోజీ కళ్ళు మెరిశాయి.

"అమ్మాయ్, ఇది నాకిస్తావా? బదులుగా కొత్త దూది పరుపు ఇస్తాను" అన్నాడు.

"ఈ పీలికలకా!" అని సాయో సంతోషంగా ఇచ్చేసింది. పుట్టబోయే బిడ్డ మెత్తగా పడుకుంటుందని పాపం ఆ పిల్ల ఆశ.

ఆ తర్వాత తోమోజీ సత్రానికొచ్చి బొంత పరిచాడు. ఇలాంటివాళ్ళకి ఒక జబ్బు ఉంటుందిలే, అడుగున ఏముందో చూడందే ఊపిరాడదు. కత్తెరతో ఒక అతుకు విప్పాడు. కింద జాలరి కోటు ముక్క, ఇంకా ఉప్పు వాసనేస్తోంది. అప్పుడు రెండోది విప్పాడు. కింద పెళ్ళికూతురి ఎర్రపూల అంచు. అప్పుడు మూడోది. కింద అరచెయ్యంత పసిపిల్ల చొక్కా, దాని మీద ఎవరో చిన్నపిల్ల నేర్చుకుంటూ వేసిన వంకర కుట్టు.

తోమోజీ ఒళ్ళు జలదరించింది. పత్తి పండని చలిచోటు అది, నూలుగుడ్డ దొరకడమే గగనం. ఎంతమంది అమ్మలు, ఎన్ని చలికాలాలు కూర్చుని కుట్టారో! తనకి తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు.

అంతలో తలుపు దబదబా బాదారు. చూస్తే ఒకినూ, తలనిండా మంచుతో.

"నా బొంత ఇచ్చెయ్ బాబూ! కోడలికి నొప్పులొస్తున్నాయి. మా ఇంట్లో ఏ బిడ్డయినా మొదట దానిమీదే పడాలి. మా పెద్దలందరి బట్టలూ అందులో ఉన్నాయి. అందరూ కలిసి బిడ్డని అందుకోవాలి" అంది.

తోమోజీ ముఖం పాలిపోయింది. బొంత మూడుచోట్ల నోరు తెరుచుకుని ఉంది. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

ఒకినూ తిట్టలేదు. సూది తీసి చేతిలో పెట్టింది. "విప్పిన చేత్తోనే కుట్టు. తొందరగా!"

అన్ని బట్టలు కొన్నాడే గాని సూది ఏనాడు పట్టాడు? వేళ్ళనిండా పోట్లే. అయినా రెండు అతుకులు నిలిచాయి. మూడోది మాత్రం చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. ఇప్పుడెలా? కొత్తగుడ్డ పనికిరాదు, మన అనుకున్నవాళ్ళు కట్టి అరగదీసిందే అతకాలి. అది వాళ్ళ ఆచారం. పెట్టెల్లోని పట్టుబట్టలు ఎవరు కట్టినవో ఆయనకే తెలియదు.

అప్పుడు తోమోజీ తన అంగీ చెయ్యి పర్రున చింపి అతికేశాడు. ఇద్దరూ మంచులో పరుగెత్తారు.

బొంత పరిచారో లేదో, క్యారుమని ఆడపిల్ల!

"తెలియక ఇచ్చేశానత్తయ్యా" అని సాయో ఏడ్చింది. "వచ్చేసిందిగా, బిడ్డని చూడు" అంది ఒకినూ.

ఆ తర్వాత పాప చిట్టిచెయ్యి పట్టుకుని ఒక్కొక్క అతుకూ తాకించింది. "ఇది మీ ముత్తాత. ఇది మీ జేజమ్మ. ఇది మీ మేనత్త." చివరికి తోమోజీ గుడ్డ దగ్గరికొచ్చింది. గుమ్మంలో చలికి వణుకుతున్న ఆయన్ని చూసింది. "ఇది మీ మామయ్య. లోపలికి రావయ్యా, నిప్పు దగ్గర కూర్చో" అంది.

ఊరూరా తిరిగే తోమోజీని అంతవరకూ అలా వరస కలిపి పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరమ్మా. ఆయన ఏడ్చేశాడు, పాపకంటే గట్టిగా.

కథ కంచి బాట పట్టె,
కన్ను రెప్ప తలుపు పెట్టె,
బొంత నిన్ను చుట్టబెట్టె,
బజ్జో బంగారూ, ఇక బజ్జో.